రెండో గరిటె మహాసంగ్రామం

ఉత్తరాన కృష్ణవేణి, దక్షిణాన గుండ్లకమ్మ, తూర్పున సముద్రపు ఉప్పుగాలి, పడమట వినుకొండ గుట్టలు నాలుగు దిక్కులా కావలి కాయగా, నడుమ పరుచుకొన్న నల్లరేగడి మహాసామ్రాజ్యంలో, పత్తి తెల్లబడి, మిరప ఎర్రబడి, మనుషులు నల్లబడే మాఘమాసాన, కల్లాలన్నీ అరుణసాగరాలై, గాలి పీల్చిన ప్రతి ప్రాణీ తుమ్ములతోనే కుశలప్రశ్నలు జరుపుకొనే ఆ ప్రచండ ఋతువులో, క్రీస్తుశకం వెయ్యిన్నీ తొమ్మిదివందల అరవైనాలుగో సంవత్సరంలో జరిగిన ఘోర సంగ్రామమిది. శ్రోతలారా, దగ్గరికి జరగండి. కథారంభంలో ఏ దేవతనూ ఆవాహన చేయను, ఈ ఘాటుకి ఎవరూ రారు. రోట్లో నలుగుతున్న పండుమిరపకాయనే వేడుకొంటున్నాను: తల్లీ, నా జిహ్వాగ్రాన నిలిచి ఈ కథ పలికించు, కాని మరీ ఎక్కువసేపు నిలవకు.

ఈ యుద్ధంలో ఏనుగులు లేవు. గుర్రం ఒకటుంది, అది జట్కాది.

ఇక నాయకుణ్ణి వర్ణిస్తాను. నల్లపాడు వాస్తవ్యుడు, గుంటూరు పట్నాన రోశయ్యగారి మిరపకాయల కమీషన్ కొట్టుకు కన్నూ వెన్నూ అయినవాడు, అరుణవర్ణ విచారధురంధరుడు, తాలుకాయల గుండెల్లో నిద్రపోయినవాడు మీరా హుస్సేన్. బస్తా మూతి విప్పితే చాలు, బారెడు దూరాన నిలబడి, ఒక్క చూపు చూసి, ఎరుపు నిలిచిన సరుకైతే మేలనీ, రంగు చెడి తెల్లబారిన సరుకైతే తాలనీ తేల్చేవాడు. ఆయన మేలంటే మేలే, తాలంటే తాలే. రైతు తరఫున కులదైవం దిగివచ్చినా ఆ మాట మారేది కాదు.

ఆ మహావీరుడి పొట్ట కూడా కీర్తితోపాటే పెరిగింది. ఆయన తాత వరిగలనే మెట్టచేల చిరుధాన్యం వండిన వరిగన్నం తిని వినుకొండ సంతకి కాలినడకన పోయి వచ్చిన మనిషి. మనవడు మిల్లాడించిన సన్నబియ్యం తిని, మూడు మైళ్ళ దూరంలోని గుంటూరుకి పానకాలు తోలే జట్కా ఎక్కే మనిషి. కొట్లో కూర్చుని రోజుకి పన్నెండు టీలు, ప్రతి టీలో మూడు చెంచాల చక్కెర. ఇంటి దగ్గర పండుమిరపకాయ పచ్చడి ఉండనే ఉంది. శ్రోతలారా, ఆ పచ్చడి నీతి తెలుసుకోండి. కారానికి విరుగుడు అన్నం. అన్నం చప్పబడితే విరుగుడు మళ్ళీ పచ్చడి. రెంటికీ సంధి కుదర్చడానికి నెయ్యి. ఈ ముగ్గురి రాయబారాల్లో పళ్ళెం ఎన్నిసార్లు నిండిందో తినేవాడికి తెలియదు. ఈ కథ చెప్పేవాడి నడుం కొలత ఎవరూ అడగొద్దు.

ఇలా ఉండగా శత్రువు వచ్చాడు. కోటగోడలు దూకి రాలేదు, భేరీలు మోగించలేదు, ఆప్యాయంగా వడ్డించుకొంటే పళ్ళెంలోంచే వచ్చాడు. మొదట తీరని దాహమై కడవలు ఖాళీ చేయించాడు. తర్వాత మడమలో గుచ్చుకొన్న తుమ్మముల్లు పుండై మూడు వారాలకీ మానకుండా అడ్డుకొన్నాడు. చివరికి ఆ కళ్ళమీదే చెయ్యి వేశాడు. దూరపు బస్తాలు అలుక్కుపోయినట్టు కనబడసాగాయి. మీరా హుస్సేన్ కళ్ళు నులుముకొని, ఘాటులే అనుకొన్నాడు.

ఆయన భార్య జోహరాబీ మాత్రం అలా అనుకోలేదు. ఆమెకి మామగారు నన్నే సాహెబ్ గుర్తున్నాడు. ఆయనా రంగు చెప్పినవాడే, ఆయనకీ ఇదే దాహం, ఆయన చూపూ యాభై అయిదో ఏట ఇలాగే మసకబారి ఆరిపోయింది. ఆఖరి రోజుల్లో మంచంమీద కూర్చుని, ఎవరైనా గుప్పెడు మిరపకాయలు తెచ్చి ఒళ్ళో పోస్తే, వేళ్ళతో తడిమి, ఎర్రగా ఉన్నాయా అని అడిగేవాడు. ఎందుకలా అయిందో అప్పుడెవరికీ తెలియలేదు. మీరా హుస్సేన్‌కి ఇప్పుడు యాభై. ఆమె ఆయన్ని జట్కాలో కూర్చోబెట్టి గుంటూరు డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరుగారు పరీక్షలు చేయించి, ఒంట్లో చక్కెర పొంగి పొర్లుతున్నదని తేల్చి, యుద్ధనీతి ఉపదేశించాడు. “తిన్న అన్నం నెత్తురులో చక్కెరవుతుంది, సాయిబుగారూ. నడిచే కాళ్ళు దాన్ని కాల్చుకుంటాయి. మీరు తిని కూర్చుంటే అదెక్కడికి పోతుంది? ఏళ్ళ తరబడి నెత్తురులోనే తిరిగి తిరిగి కళ్ళని, పాదాలని, మూత్రపిండాలని తినేస్తుంది. మీ నాయనగారికి జరిగింది అదే అయ్యుండాలి” అన్నాడు. అన్నం సగానికి సగం తగ్గించమన్నాడు, కొట్టుకి నడిచి వెళ్ళమన్నాడు, టీలో చక్కెర మానమన్నాడు. రోజూ పొద్దున ఇంట్లోనే పరీక్ష చేసుకొని రంగు చూసుకోమని, మిగతా సంగతి కాంపౌండరుకి అప్పగించాడు.

కాంపౌండరు ఏసోబు గాజుగొట్టం, స్పిరిటు దీపం, నెమలికంఠం రంగు నీలిమందు సీసా బల్లమీద పెట్టాడు. ఒక చెంచాడు నీలిమందులో, కావ్యాలు పేరు చెప్పని, ఆస్పత్రులు మొహమాటం లేకుండా చెప్పే ఆ స్వశరీరోద్భవ జలం ఎనిమిది చుక్కలు వేసి కాచమన్నాడు. కాచాక రంగు మారుతుందనీ, ఏ రంగుకి ఏమిటర్థమంటే అనీ మొదలుపెట్టాడో లేదో, మీరా హుస్సేన్ చెయ్యెత్తి ఆపాడు. శ్రోతలారా, ఏ వీరుడైనా పడేది తన బలం దగ్గరే.

“ఏసోబూ, ఎవరికి చెబుతున్నావు రంగుల సంగతి? ముప్పై ఏళ్ళుగా ఈ కళ్ళ ఎదుట ఎన్ని లక్షల బస్తాలు నోళ్ళు తెరిచాయో లెక్క లేదు. బందరు మొదలు బొంబాయి దాకా ఏ ఇంట ఏ కూర ఎర్రగా ఉడికినా, అందులో నా చూపు ఒక చిటికెడు కలిసి ఉంటుంది. మంచి రంగేదో చెడ్డ రంగేదో నాకు నేర్పేవాడు ఈ జిల్లాలో పుట్టలేదు. సీసా ఇటివ్వు.”

ఏసోబు ఇచ్చాడు. వరసలో ఇంకా నలభైమంది ఉన్నారు.

మర్నాటి ప్రాతఃకాలాన, పెరట్లో, కోళ్ళు సాక్షులుగా, మీరా హుస్సేన్ దీపం వెలిగించి గొట్టం కాచాడు. నీలిమందు కుతకుతమని పచ్చనై, పసుపై, నారింజై, చివరికి కాలిన ఇటుకలాంటి నిండు ఎరుపై నిలిచింది. ఆ మహానుభావుడి ఆనందం వర్ణించడం నా వల్ల కాదు. మేలు! మొదటి రోజే మేలురకం! జోహరాబీని కేక వేసి పిలిచి, గొట్టాన్ని ఎండకు పట్టి చూపించి, ఇంత ఎరుపు ఈ ఏడు కొట్టుకే రాలేదన్నాడు.

అయినా డాక్టరుమాట కదా అని నాలుగు రోజులు అన్నం తగ్గించి, కాళ్ళీడ్చుకుంటూ గుంటూరుకి నడిచాడు. అయిదో రోజు గొట్టంలో ఎరుపు పోయి పసుప్పచ్చ తేలింది.  తాలు! పస్తులతోనూ నడకతోనూ ఒంట్లోని సరుకు చెడుతున్నదని, ముప్పై ఏళ్ళ అనుభవం తిరుగులేకుండా చెప్పింది. ఆ పూటే జట్కా ఎక్కాడు. మధ్యాహ్నం మూడు గరిటెలు ఎక్కువ వేయించుకొన్నాడు, నెయ్యి వరదలు కట్టింది, సాయంత్రం హోటల్లో రెండు మైసూరుపాకులు అదనపు బలగంగా వచ్చి చేరాయి. రెండురోజుల్లో గొట్టం మళ్ళీ ఎర్రబడింది. రుజువు కళ్ళముందుంటే ఇంకేం కావాలి? ఇరవై రోజులపాటు ఆ ఎరుపు నిలపడానికి ఆ ధీరుడు చెయ్యని భోజనం లేదు. పథ్యాన్ని ఇంత నిష్ఠగా తలకిందులుగా పాటించినవాణ్ణి నేనింకొకణ్ణి ఎరగను.

ఇరవై ఒకటో రోజున వినుకొండ వైపు నుంచి చెంచమ్మ అనే రైతు సరుకు తెచ్చింది. రెండు బస్తాలు మేలువి ఒకపక్క, ఒక బస్తా తాలు ఇంకోపక్క దించింది. మీరా హుస్సేన్ బారెడు దూరాన నిలబడ్డాడు. చూశాడు. అన్నీ ఒకే మసక. అలవాటైన గాంభీర్యంతో చెయ్యెత్తి, ఇది మేలు అన్నాడు.  తనకి లాభమే అయినా చెంచమ్మ ఊరుకోలేకపోయింది.

“అది తాలు బస్తా అయ్యా. మేలుది ఇటుంది” అంది మెల్లిగా.

మీరా హుస్సేన్ దగ్గరికి వెళ్ళి బస్తాలో చెయ్యి పెట్టాడు. కాయలు తడిమాడు. తడుముతున్న ఆ వేళ్ళు ఎవరివో ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. మెట్లు దిగి, తిన్నగా ఆస్పత్రికి నడిచాడు.

ఏసోబుతో ఆయన పెట్టుకొన్న మొర ఇది: పరీక్షలో రంగు రోజురోజుకీ దివ్యంగా ఉంటున్నది, చూపు మాత్రం రోజురోజుకీ పోతున్నది, మీ నీలిమందులో ఏదో కల్తీ ఉంది. ఏసోబు రంగేమిటని అడిగాడు. నిండు ఎరుపన్నాడు మీరా హుస్సేన్, కాస్త గర్వం ఇంకా మిగిలే ఉంది.

“సాయిబుగారూ, ఎరుపంటే ఒంట్లో చక్కెర నిండా ఉన్నట్టు. మందు నీలం నీలంగానే ఉండిపోతే అప్పుడు బాగున్నట్టు. ఆ రోజు చెప్పబోతే మీరు విన్లేదు” అన్నాడు ఏసోబు.

శ్రోతలారా, ఆ మాటతో భూమి కంపించలేదు. కాని ఒక మనిషి లోకం తలకిందులైంది. ముప్పై ఏళ్ళు ఎరుపుని నమ్మి బతికినవాడికి ఎరుపే శత్రువైంది. ఆయన బల్లమీద కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకొన్నాడు. డాక్టరుగారు లోపలికి పిలిచి, ఇప్పటికీ మించిపోలేదు, నీలం నిలబడితే చూపూ నిలబడవచ్చు, పైవారం నుంచి ప్రతి సోమవారం గొట్టం తెచ్చి చూపించమన్నాడు. అప్పుడు మీరా హుస్సేన్ లేచి నిలబడి చేసిన భీషణ ప్రతిజ్ఞ ఇట్టిది: “ఓరీ మధుమేహాధమా! నా తండ్రి కన్నులను హరించిన తస్కరుడా! నేటినుండి మితాన్నమే నా ఖడ్గము, పాదచారమే నా రథము, నీలవర్ణమే నా ధ్వజము, నిన్ను పారద్రోలునందాక నా నడుముకు విశ్రాంతి లేదు!” ఇది నా కల్పన. ఆయన నిజంగా అన్నది, “సరేనండి, చూద్దాం” అని మాత్రమే.

మర్నాడు తెల్లవారగానే మహాప్రస్థానం మొదలైంది. మొదటి అడ్డంకి పానకాలు గుర్రం. పదేళ్ళుగా ఆ గుమ్మం ముందు ఆగి, ఒక భారం వెనక పడ్డాకనే కదలడం దానికి ధర్మం. ఆ భారం పక్కనుంచి నడిచిపోతుంటే అది కదలనని మొండికేసింది. పానకాలు బతిమాలాడు, కొరడా ఝళిపించాడు, చివరికి బండి దిగి వచ్చాడు.

“ఎక్కు సాయిబూ, నువ్వెక్కితేగాని ఇది అడుగెయ్యనంటంది” అన్నాడు.

సంధి ఇలా కుదిరింది. మీరా హుస్సేన్ ముందు నడుస్తూ కళ్ళెం పట్టుకుంటాడు, గుర్రం ఆయన వెంట నడుస్తుంది, పానకాలు ఖాళీ జట్కాలో రాజాలా కూర్చుంటాడు. నల్లపాడు నుంచి గుంటూరు దాకా దారిపొడుగునా జనం ఆగి చూశారు. సాయిబు జట్కావాడి దగ్గర పనికి కుదిరాడా అని ఒకాయన అడిగాడు కూడా. మడమపుండు సలుపుతుంటే పాత గుడ్డ చుట్టుకొని, ఆయన వారం రోజులు అలాగే నడిచాడు. ఎనిమిదో రోజుకి గుర్రం బుద్ధి తెచ్చుకొంది, ఆయన మాత్రం నడక మానలేదు.

రెండో రణరంగం టీ. చక్కెర లేని టీ మొదటిసారి తాగినప్పుడు ఆయన మొహం చూసి ఇద్దరు రైతులు మార్కెట్ పడిపోయిందనుకొని బస్తాలు మళ్ళీ బండికెక్కించుకొన్నారు. మూడోది వరిగన్నం. సన్నబియ్యం తగ్గించి తాతలనాటి వరిగలు వండాలని డాక్టరుగారన్నప్పుడు జోహరాబీ సిగ్గుతో చితికిపోయింది. మంచి రోజులొచ్చాక వరిగలు ఉడికించే ఇల్లు ఏముంటుంది? చుట్టాలు చూస్తే కలిసిరాలేదనుకొంటారని తలుపులు మూసుకొని వండింది. మొదటి రోజు ఆయన నమిలాడు, నమిలాడు, ఇంకా నమిలాడు. తాత దవడలు ఎందుకంత బలంగా ఉండేవో అప్పుడర్థమైంది.

రోజులు దొర్లాయి. గొట్టంలో రంగు మారసాగింది. ఎరుపు నారింజకి దిగింది, నారింజ పసుపైంది, పసుపు పచ్చికాయ రంగులోకి వచ్చింది. దాహం తగ్గింది, పుండు చెక్కు కట్టింది, లుంగీ బిగించి కట్టుకోవలసి వచ్చింది. రాత్రికి రాత్రి ఏమీ జరగలేదు, అన్నీ కల్లంలో కాయ ఆరినట్టు నెమ్మదిగానే జరిగాయి. కాని నీలం రాలేదు. పది రోజులపాటు ఆ ఆకుపచ్చ దగ్గరే ఇరుసైన్యాలూ విడిది చేశాయి. చూపు కొంచెం తేటపడ్డట్టే ఉండేది, మర్నాడు మళ్ళీ అనుమానం కలిగేది.

అంతట, చైత్రమాసపు ఒకానొక ఆదివారం మధ్యాహ్నాన, ఆ ఇంటి అటకమీంచి కొత్త పచ్చడి జాడీ దిగింది.

ఆ దృశ్యాన్ని వర్ణించడానికి నాకు వెయ్యి నోళ్ళుంటే ఆ వెయ్యీ ఊరేవి. పండుమిరపకాయలు, కొత్త చింతపండు, ఉప్పు, వెల్లుల్లి, జోహరాబీ చేతి రోకటిపోట్లు కలిసి నెలన్నర ఊరిన ఆ అరుణాద్భుతం మూత తీయగానే వీధి చివర కుక్క లేచి నిలబడింది. పండగలాంటి రోజు కనుక ఒక్క గరిటె వరిఅన్నానికి అనుమతి. పింగాణీ పళ్ళెం మధ్యన ఆ ఒక్క గరిటె తెల్లగా, నెయ్యితో, ఎర్రటి పచ్చడి ముద్ద పక్కన, అయిదే అయిదు ముద్దల్లో అంతరించింది. మీరా హుస్సేన్ నాలుక నిప్పంటుకొని ఉంది. ఆ నిప్పుకి మందొక్కటే, అది ఎదురుగా గిన్నెలో పొగలు కక్కుతున్నది.

ఆ ఇంట్లో ఒక ఆచారముంది. ఒక్కసారి వడ్డించి ఊరుకొంటే ఇల్లాలు అలిగినట్టు, ఒక్క వడ్డనతో లేస్తే తినేవాడు అలిగినట్టు. ముప్పై ఏళ్ళలో జోహరాబీ పళ్ళెం దగ్గర్నుంచి ఎవరూ ఒంటి వడ్డనతో లేవలేదు. రెండు నెలలుగా వరిగలు వండి, ముద్దలు లెక్కపెట్టి రెండు వడ్డనలకీ పంచి, ఆయనకి కవచంలా నిలిచిన ఆ చెయ్యే ఇప్పుడు పాత అలవాటుతో, పాత ప్రేమతో, నిండు గరిటెను పైకెత్తింది. ఓహో, ఏమని చెప్పుదును! అటు జన్మజన్మల జిహ్వాచాపల్యం, పరిమళధూమ పరివృతమైన అన్నం, అర్ధాంగి అనురాగం, మండుతున్న నాలుక, నాలుగూ ఒక్కుమ్మడిగా చుట్టుముట్టగా, ఇటు ఒంటరిగా, నిరాయుధుడై, ఎంగిలిచేతితో ఒక్కడు. గరిటె వంగింది. మొదటి మెతుకు అంచు దాకా జారింది.

మీరా హుస్సేన్ ఎడమచెయ్యి పళ్ళెంమీద అడ్డంగా పెట్టాడు.

“చాలు” అన్నాడు.

ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ విన్నది కాదు. జోహరాబీ గరిటె గాల్లోనే ఆగింది. మొహం చిన్నబోయింది.

“పచ్చడి బాగాలేదా?” అని అడిగింది.

“బాగుంది. అందుకే చాలు” అన్నాడాయన. మంచినీళ్ళు తాగి, మెల్లిగా మళ్ళీ అన్నాడు: “మా నాయన ఆఖర్న నీ మొహం చేత్తో తడిమి, నువ్వేనా అమ్మా అని అడిగాడు గుర్తుందా? నేను నిన్ను చేత్తో చూడలేను జోహరా. కళ్ళతోనే చూస్తూ ఉండాలనుంది.”

జోహరాబీ కొంగుతో కళ్ళు తుడుచుకొంది, అది ఘాటేననుకొనే వాళ్ళు అనుకోవచ్చు. గరిటెను గిన్నెలోకి వెనక్కి తీసుకుపోయి, మూత పెట్టింది. తర్వాత తనే లేచి చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టి, పదండి నేనూ వస్తానంది. ఆ ఎండవేళ ఇద్దరూ గోడల నీడ వెంట నల్లపాడు స్టేషను దాకా నడిచి వచ్చారు.

సోమవారం ప్రాతఃకాలం. పెరడు. కోళ్ళు. దీపం వెలిగింది. ఎనిమిది చుక్కలు పడ్డాయి. గొట్టం కుతకుతమంది. మీరా హుస్సేన్ ఎండకు పట్టి చూశాడు, చాలాసేపు చూశాడు. తన కన్నును తనే నమ్మలేని ఆ మహానిపుణుడు గొట్టాన్ని భార్యకి అందించి, నువ్వు చెప్పన్నాడు.

“నీలం” అంది జోహరాబీ.

“నాకూ అదే కనబడింది” అన్నాడాయన. 

ఆ గొట్టాన్ని డాక్టరుగారికి చూపించి, ఆయన తలాడించాక, మీరా హుస్సేన్ కొట్టుకి నడిచాడు. ఆ పూట చెంచమ్మ కడపటి కోత తెచ్చి ఉంది. బస్తాలన్నీ మూతులు విప్పి వరసగా పెట్టింది. ఆయన బారెడు దూరాన నిలబడ్డాడు. రోశయ్యగారు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చాడు. మీరా హుస్సేన్ ఒక్కొక్క బస్తానీ చూసుకుంటూ పోయి, మూడోదాని దగ్గర ఆగి, నేరుగా చెయ్యి చాచి, నిండు ఎరుపు మధ్యనుంచి ఒకే ఒక్క తెల్లబారిన కాయను పైకి తీశాడు.

“ఇదొక్కటి ఎట్లా కలిసిందమ్మా?”

“నేనే ఏశానయ్యా. ఈసారి అగుపడుద్దో లేదో చూద్దామని” అంది చెంచమ్మ, నవ్వుతూ.

విజయము! విజయము! శ్రోతలారా, దుందుభులు లేవు కనుక తుమ్ములే మోగించండి. జయించిన రాజ్యం పింగాణీ పళ్ళెంలో జానెడు జాగా. స్వాధీనమైన ధనం ఒక తాలుకాయ. శత్రువు చావలేదు, చావడు, గిన్నెలో మూతకింద రేపటిదాకా కాచుకొని ఉంటాడు. ఈ యుద్ధంలో గెలుపు ఏనాడూ ఒక పూటదే. ఈ కథ భోజనానికి ముందు విన్నవారు ఒక ముద్ద వదులుతారు, భోజనమయ్యాక విన్నవారు ఒక మైలు నడుస్తారు, వినకుండా నిద్రపోయినవారి లుంగీ వాళ్ళకే తెలుస్తుంది.

ఆ మధ్యాహ్నం కొట్టుకి క్యారియరు వచ్చింది. మీరా హుస్సేన్ మూత తీశాడు. వరిగన్నం, పక్కన వేలెడంత పచ్చడి. పై గిన్నెలో రెండో వడ్డనకని ఎప్పుడూ ఉండే మారన్నం లేదు. దాని బదులు, క్యారియరుతోపాటు జోహరాబీ పంపిన ఆయన పాత నడక చెప్పులు, అరిగిన మడమలకి కొత్త తోలు కుట్టించి, గుడ్డలో చుట్టి ఉన్నాయి.